శనివారపు పెళ్లిచూపులు

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడు రకాలు చెప్పారు. ఇంగ్లండ్‌లో నాలుగోది ఒకటుంది. లండన్ వైరాగ్యం. ఇది సాధారణంగా సోమవారం ఉదయం, రద్దీ రైల్లో, ఎవరిదో బ్యాగు మన పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నప్పుడు కలుగుతుంది. మిగతా మూడూ ఇంటికెళ్లి స్నానం చేస్తే పోతాయి. ఇది పోదు. రాత్రి రెండింటిదాకా ఫోనులో రాతి ఇళ్ల ఫొటోలు చూపిస్తుంది. పూర్తి పల్లెటూరంటే భయం, నగరమంటే రోత. కాబట్టి వారానికోసారి సంత జరిగే చిన్న పట్నం, అంటే మార్కెట్ టౌన్, మోక్షంలా కనబడుతుంది. ఈ మోక్షార్థులకు శాస్త్రీయమైన మార్గదర్శనం కరువైందని గమనించి ఈ నాలుగు మాటలు.

ముందు చరిత్ర. మధ్యయుగంలో సంత పెట్టుకోవాలంటే రాజుగారి చార్టర్, అంటే అనుమతిపత్రం, కావాలి. పక్క ఊరి సంతకు మరీ దగ్గరగా పెట్టకూడదు. ఎంత దూరముండాలో 13వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్రాక్టన్ లెక్కగట్టాడు. మనిషి రోజుకు సుమారు 20 మైళ్లు నడుస్తాడు. రోజును మూడు భాగాలు చేస్తే సంతకు వెళ్లడానికి ఒకటి, బేరాలకు ఒకటి, తిరిగి రావడానికి ఒకటి. అంటే ఆరు మైళ్లూ, మైలులో మూడింట రెండు వంతులూ. చీకటి పడేలోగా అందరూ ఇళ్లు చేరాలన్నది ఇందులోని పరమార్థం. దాదాపు ఎనిమిది వందల ఏళ్లు గడిచినా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నవి ఇక్కడి బస్సు కంపెనీలే. చాలా ఊళ్లలో ఆఖరి బస్సు సాయంత్రం ఆరులోపే వెళ్లిపోతుంది.

ఊరిపేరు ముందు ‘చిప్పింగ్’ ఉంటే అది పాత ఇంగ్లీషులో సంత అనే మాట. చిప్పింగ్ నార్టన్, చిప్పింగ్ క్యాంప్డెన్, చిప్పింగ్ సాడ్‌బరీ. ఈ సంగతి విందులో చెప్పడానికి పనికొస్తుంది గానీ ఇంటి బేరంలో పైసా తగ్గించదు.

ఇక ఎంపిక. మోక్షార్థి చేసే మొట్టమొదటి పొరపాటు, ఊరిని సంతరోజున చూడటం. బార్నార్డ్ కాజిల్‌లో సంత బుధవారం, డిస్‌లో శుక్రవారం, థర్స్క్‌లో సోమ, శనివారాలు. మనవాడికి సెలవు శనివారం కనక శనివారం సంత జరిగే ఊరే నచ్చుతుంది. చౌకులో గుడారాలు, ఒకపక్క జున్ను, ఒకపక్క పూలమొక్కలు, ముసలాయన అకార్డియన్ వాయిస్తుంటాడు. ఇవి పెళ్లిచూపులు. ఆ పూట అందరూ పట్టుచీరలోనే ఉంటారు. ఊరిని చూడాల్సింది ఫిబ్రవరిలో, సంత లేని రోజు, సాయంత్రం నాలుగున్నరకు, వాన పడుతుండగా. గొడుగు పట్టుకుని చౌకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లైట్లు వెలుగుతున్న కొట్లు లెక్కపెట్టాలి. తర్వాత కొవ్వొత్తి సూచిక కట్టాలి. సువాసన కొవ్వొత్తులు అమ్మే దుకాణాల సంఖ్యను, మేకులూ మరలూ విడిగా లెక్కపెట్టి ఇచ్చే ఇనుపకొట్ల సంఖ్యతో భాగించాలి. ఫలితం రెండులోపు ఉంటే అక్కడ మనుషులు బతుకుతున్నారు. ఐదు దాటితే అది ఊరు కాదు, వచ్చిపోయేవాళ్ల కోసం వేసిన సెట్టింగు. ఇనుపకొట్టే లేకపోతే సున్నాతో భాగించకూడదు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి.

బ్యాంకు సంగతీ అప్పుడే చూడవచ్చు. అందమైన రాతిభవనం మీద బ్యాంకు పేరు చెక్కి ఉంటుంది, లోపల కాఫీ అమ్ముతుంటారు. అదృష్టవంతమైన ఊళ్లకు బ్యాంకింగ్ హబ్ వచ్చింది. అక్కడ నగదు కౌంటరును పోస్టాఫీసు నడుపుతుంది, బ్యాంకుల ప్రతినిధులు వంతులవారీగా తలా ఒకరోజు వచ్చి కూర్చుంటారు. కాబట్టి మన బ్యాంకుతో తగువు ఏ రోజైనా రావచ్చు, తీర్చుకోవడానికి మాత్రం వారమంతా ఆగాలి.

ఇప్పుడు నీళ్లు. ఈ ఊళ్లలో చాలావరకు నదిని దాటే రేవు దగ్గరో, వంతెన దగ్గరో పుట్టాయి. బండ్లు అక్కడ ఆగుతాయి, మర అక్కడే తిరుగుతుంది, సంతా అక్కడే కూడుతుంది. అంటే ఊరు ఎంత పాతదో నదికి అంత దగ్గర చుట్టం. ఇళ్లమ్మే ఏజెంటు దీన్ని ‘నదీతీర శోభ’ అంటాడు. ప్రభుత్వపు వరద పటం మూడు జోన్లుగా చెబుతుంది. జోన్ 1లో నది పొంగే అవకాశం ఏటా వెయ్యికి ఒకటికన్నా తక్కువ. జోన్ 2లో వెయ్యికి ఒకటి నుంచి వందకు ఒకటి దాకా. జోన్ 3లో వందకు ఒకటి, లేదా ఇంకా ఎక్కువ. ‘వందేళ్లకోసారి కదా, అప్పటికి మనముంటామా’ అని ఇక్కడే చాలామంది నిశ్చింతగా సంతకం పెడతారు. ఆ వందకు ఒకటి ప్రతి ఏడూ కొత్తగా మొదలవుతుంది. పాతికేళ్ల ఇంటిరుణం తీరేలోగా ఒక్కసారైనా నీళ్లు వచ్చే అవకాశం 22 శాతం. అయిదుగురు రుణగ్రస్తుల్లో ఒకడు హాల్లో ఈత కొడతాడన్నమాట. పైగా ఈ జోన్లు నదికీ సముద్రానికీ సంబంధించినవి. వానకు కాలవలు పొంగి వీధిలోంచి వచ్చే నీటికి వేరే పటముంది, అదీ ఉచితమే. గుట్టమీద ఇల్లు కొన్నవాడు దాన్ని తెరవడు. గుట్ట మీద పడ్డ వాన తన పెరట్లోంచే కిందికి దిగుతుందని తర్వాత తెలుసుకుంటాడు.

2007 జులైలో ట్యూక్స్‌బరీలో సెవెర్న్, ఏవన్ నదులు కలిసి ఊరిని ముంచేశాయి. నీళ్ల మధ్య ద్వీపంలా నిలిచిన ఆ ఊరి ఆబీ (పాత మఠపు చర్చి) ఫొటోను దేశమంతా చూసింది. చూడని తమాషా మరొకటుంది. పక్కనే ఉన్న మైత్ నీటిశుద్ధి కేంద్రం కూడా మునిగింది. దాంతో గ్లోస్టర్‌షైర్‌లో సుమారు మూడున్నర లక్షల మందికి రోజుల తరబడి కుళాయి నీళ్లు రాలేదు. నట్టింట్లో నీళ్లు, కుళాయిలో గాలి.

పటాలు నమ్మనివారు ఇంటిని చదవడం నేర్చుకోవాలి. కింది అంతస్తులో ప్లగ్గు సాకెట్లు నడుమెత్తున ఎందుకున్నాయి? వీధి తలుపు చట్రానికి రెండువైపులా నిలువు గాళ్లు ఎందుకున్నాయి? అవి వరదపలకలు దింపడానికి. మీటరు ఎత్తువరకే కొత్త గిలాబా ఎందుకుంది? చర్చి గోడమీద గీతలు, పక్కన సంవత్సరాలు చెక్కి ఉంటే అవి శాసనాలు కావు, నీటిమట్టాలు. అమ్మేవాళ్లు నింపే టీఏ6 పత్రంలో వరద గురించి ప్రశ్న ఉంటుంది, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. వరద ముప్పున్న ఇళ్లకు బీమా అందేలా, బీమా కంపెనీలకు దన్నుగా ఫ్లడ్ రీ పథకం 2016 నుంచి నడుస్తోంది. 2009 జనవరి 1కి ముందు కట్టిన ఇళ్లకే అది వర్తిస్తుంది, 2039లో ముగుస్తుంది. పాతికేళ్ల రుణం, పదిహేనేళ్లు కూడా మిగలని ధైర్యం.

రవాణా. 1963లో రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ గారి నివేదిక 2,363 రైల్వే స్టేషన్లు అనవసరమని తేల్చింది. చాలావాటిని మూసేశారు కూడా. కాబట్టి పట్టాలు పోయిన దారిలో ఇప్పుడు సైకిలు బాట ఉంటుంది. ఏజెంటు దాన్నీ సౌకర్యాల జాబితాలో వేస్తాడు. ఊరిపేరు పక్కన ‘పార్క్‌వే’ అని ఉన్న స్టేషన్ కనబడితే మురిసిపోవద్దు. ఆ మాటకు అర్థం, కారు పెట్టుకోవడానికి చోటుంది, ఊరు మాత్రం ఇక్కడ లేదు అని. టివర్టన్ పార్క్‌వే నుంచి టివర్టన్ ఆరు మైళ్లు. బ్రాక్టన్ లెక్కన మరో సంత పెట్టుకోవడానికి కాస్త తక్కువ, అంతే. ‘స్టేషన్‌కు 12 నిమిషాలు’ అన్నది తెల్లవారుజామున, ముందు ట్రాక్టరు లేనప్పుడు పట్టే సమయం. ఉదయం ఏడింటికి ఒకసారి స్వయంగా నడిపి చూసి, స్టేషన్‌లో కారుకు చోటు దొరికేదాకా గడియారం ఆపకూడదు. వయసు మళ్లినవాళ్ల ఉచిత బస్సుపాసు మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర నుంచి చెల్లాలన్నదే జాతీయ నియమం, అంతకుముందు చెల్లడం స్థానిక కౌన్సిలు దయ. ఆస్పత్రి అపాయింట్‌మెంటు తొమ్మిదింటికే ఉంటుంది. పిల్లల బడి ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 2 మైళ్లు, ఆపైన 3 మైళ్లు దాటితే, అదే దగ్గరి తగిన బడి అయితే, కౌన్సిలు ఉచితంగా తీసుకెళ్తుంది. ‘దగ్గరి’ అన్న మాట మర్చిపోయి దూరపు మంచి బడి ఎంచుకున్న తల్లిదండ్రులను రోజూ రెండుపూటలా రోడ్డుమీద చూడవచ్చు.

ఇల్లు. మోక్షార్థికి మూడు వందల ఏళ్ల రాతి ఇల్లు కావాలి, అందులో నిన్న కట్టినంత వెచ్చదనమూ కావాలి. 1919కి ముందు కట్టిన ఇళ్లకు చాలావాటికి గోడలో ఖాళీ ఉండదు, ఘనంగా ఒకటే గోడ. సున్నంతో కట్టారు. చెమ్మ లోపలికి వచ్చి, మళ్లీ సున్నంలోంచే ఆవిరైపోతుంది. మధ్యలో ఒక మహానుభావుడు బయట రాళ్ల సందుల్లో సిమెంటు నింపి, లోపల సిమెంటు పూసి, దానిమీద ప్లాస్టిక్ రంగు కొట్టి వెళ్తాడు. నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, రాయి పొరలుపొరలుగా ఊడుతుంది. అప్పుడు చెమ్మ నివారణ కంపెనీవాడు వచ్చి గోడకు సూదులు వేద్దామంటాడు. కావలసింది సూది కాదు, సిమెంటు గోకేసి మళ్లీ సున్నం వెయ్యడం, వానగొట్టాలు బాగుచేయడం. ఇలాంటి ఇంటికి లెవెల్ 3 సర్వే, అంటే ఇంటిని పైనుంచి కిందిదాకా తరచి చూసే తనిఖీ, చేయించాలి. రుణదాత చేయించే విలువకట్టు, ఇల్లు ఉందా లేదా అన్నంతవరకే చూస్తుంది.

అది లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాకెక్కినదైతే, వైభోగం వేరు. 1990 చట్టం ప్రకారం దాని స్వరూపం మారే పనిని అనుమతి లేకుండా చేయడం నేరం, రెండేళ్లదాకా జైలు. గ్రేడ్ టూ అంటే ముఖభాగమే కదా అనుకోవద్దు. లోపలి మెట్లు, గడపలు, పెరటి గోడ, అన్నీ లెక్కలోకి వస్తాయి. పాత యజమాని 1998లో దొంగచాటుగా పెట్టిన ప్లాస్టిక్ కిటికీలు తీసెయ్యమని నోటీసు కొత్త యజమానికి వస్తుంది, దానికి కాలదోషం లేదు. పూర్వజన్మ కర్మను ఇంత నిక్కచ్చిగా అమలుచేసే చట్టం మరోటి కనబడదు. ఇల్లు పరిరక్షణ ప్రాంతంలో ఉంటే చెట్టుకూ హక్కులుంటాయి. నేలకు మీటరున్నర ఎత్తున 75 మిల్లీమీటర్ల వ్యాసం దాటిన మాను కొట్టాలంటే ఆరు వారాలు ముందుగా కౌన్సిలుకు చెప్పాలి.

ఊరికి అరమైలు అవతల ‘ప్రైవేట్ డ్రైనేజీ’ అని రాసి ఉన్న ఇళ్లుంటాయి. ప్రైవేట్ ఆస్పత్రి, ప్రైవేట్ బడి వరసలో ఇదీ గొప్పదే అనుకుంటారు. అది సెప్టిక్ ట్యాంకు. నలుగురికి 2,700 లీటర్లు, ఆపైన మనిషికి 180 లీటర్ల చొప్పున ఉండాలి. నీరు ఇంకే పొలం ఇంటికి 15 మీటర్లు, వాగుకు 10 మీటర్లు దూరముండాలి. పాత ట్యాంకులు నేరుగా వాగులోకి వదిలేవి, 2020 నుంచి ఇంగ్లండ్‌లో అది కుదరదు. పండక్కి పన్నెండుమంది చుట్టాలు దిగి, ఇంటావిడ బాత్రూములు బ్లీచుతో కడిగితే, లోపలి సూక్ష్మజీవులు చచ్చి, బురద ఇంకుడు గొట్టాల్లో చేరి, పచ్చికలో ఒకచోట మాత్రం అద్భుతంగా గడ్డి పెరుగుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అంత పచ్చగా ఉన్నదెక్కడో చూసి, అక్కడ వాసన పీల్చాలి. గ్యాసు లైను కూడా ఉండదు కనక ఇల్లు వెచ్చబెట్టడానికి కిరసనాయిలు ట్యాంకు. సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తెచ్చి పొయ్యరు, గ్యాసుకూ కరెంటుకూ ఉన్న ధరల పరిమితి దానికి వర్తించదు.

ఫోను గురించి ఒక మాట. పటంలో సిగ్నల్ ఉందంటే వీధిలో ఉందని. రెండడుగుల రాతిగోడ దాటి లోపలికి రావాలన్న నియమం దానికి లేదు. కాబట్టి ఇంటినుంచి పనిచేసే ఉద్యోగి తోట చివర గొడుగు కింద నిలబడి సమావేశాల్లో పాల్గొంటాడు.

గాలికోసం వచ్చినవారికి గాలి గురించి. పొలాల ఎరువు నీళ్లలో కలవకుండా చూసే నైట్రేట్ నియంత్రణ ప్రాంతాల్లో శీతాకాలంలో పొలాలకు పేడనీళ్లు జల్లకూడదు. చాలా నేలలకు ఆ నిషేధం జనవరి 31తో తీరుతుంది. మూడు నెలలపైగా గోతుల్లో మగ్గిన సరుకు ఫిబ్రవరి మొదటివారంలో, హెక్టారుకు 30 ఘనపుమీటర్లు మించకుండా, ఊరంతటికీ సమానంగా అందుతుంది. ఊరు చూడ్డానికి ఫిబ్రవరి అన్నది అందుకే.

ఇవన్నీ విని కూడా మోక్షార్థి శనివారమే వెళ్తాడు, జున్ను తింటాడు, కొంటాడు. మూడో ఏటికి స్థానికుడవుతాడు. ఆ మార్పుకు గుర్తు ఒకటే. ఊరిచివర పొలంలో అరవై ఇళ్లు కడతారని నోటీసు అంటించగానే ఊరి స్వభావం చెడిపోతోందని మొదట గొంతెత్తేది అతనే. తన కిటికీలోంచి కనబడే దృశ్యం పోతుందని రాస్తే ప్రణాళికా శాఖ లెక్కచెయ్యదు. ఇంటి ధర పడిపోతుందన్నా అంతే. రోడ్డు రద్దీ, మురుగు కాలవల సామర్థ్యం, వరద ముప్పు అయితే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని ఆ రాత్రి కూర్చుని, ఇల్లు కొన్నప్పుడు తెరవని వరద పటాన్ని మొదటిసారి తెరుస్తాడు. పొలం జోన్ 2లో ఉంటుంది. ఆనందంతో దాన్ని ఎర్రసిరాతో గుర్తు పెట్టబోతూ, పక్కనే జోన్ 3లో ఉన్న ఆ ఇల్లు ఎవరిదా అని కళ్లజోడు సర్దుకుంటాడు. అభ్యంతరాలు పంపడానికి గడువు సాధారణంగా 21 రోజులు.