ఆర్డర్లో నానమ్మ పేరు లేదు

పోయినేడాది ఏదో పనిమీద ఫ్యామిలీ కోర్టుకి వెళ్లి, ఓ రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య, ఆవిడ చేతిలో సున్నుండల డబ్బా. కొడుక్కి విజిటేషన్, అంటే తల్లి దగ్గరున్న పాపని వచ్చి చూసే అవకాశం, ఇచ్చారట, నెలకి రెండు శనివారాలు, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, అదీ కోర్టు ఆవరణలోనే. ఆర్డర్లో తండ్రి అని మాత్రమే ఉంది కాబట్టి లోపలికి కొడుకు ఒక్కడే వెళ్లాడు. అవతలి లాయరు ఆ ముక్కే పట్టుకున్నాడట.

నిజం చెప్పాలంటే ఆరోజు ఆ కోడలి మీద కోపమొచ్చింది. ఇంటికొచ్చి చట్టాలు తిరగేస్తే ఆ కోపం ఇంకోవైపు మళ్లింది.

మన దగ్గర కస్టడీ కేసులకి ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, అందులో విజిటేషన్ అన్న మాటే లేదు. 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ఐదేళ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది, అన్నిటికన్నా పిల్లల మేలే ముఖ్యం అంటుంది, అంతవరకే. పిల్లలు దగ్గర లేని రెండోవాళ్లు ఎప్పుడు చూడాలి, ఎంతసేపు, ఎవరిని వెంట తెచ్చుకోవాలి, అదంతా ఆ జడ్జి గారి ఇష్టం. 2015లో లా కమిషన్ 257వ రిపోర్టులో జాయింట్ కస్టడీతో (పిల్లల బాధ్యత తల్లిదండ్రులిద్దరికీ ఇవ్వడం) పాటు తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలతో గడిపే టైం గురించి కూడా రాసింది, అది చట్టం కాలేదు.

నన్ను బాగా గుచ్చింది ఇంకోటి. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌కి 2001లో ఒక నిబంధన చేర్చారు, కేసు నడుస్తుండగా పిల్లల పోషణ, చదువు కోసం పిటిషన్ వేస్తే నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని. బాగుంది, కానీ కస్టడీ, పిల్లల్ని చూడటం ఆ వాక్యంలో లేవు. డబ్బుకి గడువుంది, మనిషికి లేదు. అవతలివాళ్లు కౌంటర్, అంటే జవాబు, వెయ్యలేదని ఒక వాయిదా, జడ్జి సెలవని ఒకటి, ఆర్డర్ వచ్చాక కూడా పాపకి జ్వరం, యూనిట్ టెస్టులు అంటూ మెమోలు, తీసుకురాకపోతే మళ్లీ ఇంకో పిటిషన్, దానికి ఇంకో నంబరు. ఆ కొడుకు నాలుగు నెలల కిందట కొన్న బూట్లు ఆరోజు తెచ్చాడు, పాప కాలికి పట్టలేదు.

2020 జనవరిలో సుప్రీంకోర్టు అమెరికాలో కాపురం చేసిన ఒక జంట కేసులో చెప్పింది, తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని, కలవలేనివాళ్లకి రోజూ ఓ ఐదు పది నిమిషాలు వీడియో కాల్ ఉండాలని. దీనికి పెద్ద ఖర్చేం లేదు, అయినా రోజూ కాల్ అని ఎన్ని ఆర్డర్లలో రాస్తున్నారో చూడాలి.

తల్లుల భయం ఉత్తదే అనట్లేదు నేను. కొట్టిన మొగుడికి పిల్లని అప్పజెప్పి గేటు దగ్గర నిలబడటం చిన్న విషయం కాదు, గృహహింస చట్టం 21వ సెక్షన్ అలాంటి చోట కలవనివ్వకుండా ఆపే అధికారం మేజిస్ట్రేట్‌కి ఇచ్చింది కూడా. ఆపాల్సిన చోట ఆపండి, కానీ విచారించి ఆపండి, వాయిదాలతో కాదు. బంధువుల విషయంలో ఇంకో భయం, చూడనిస్తే పెత్తనం మొదలవుతుందని. అదీ నిజమే, తండ్రి పోయిన ఒక తెలుగు బాబు కేసులో తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంటిపేరు దాకా గొడవ వెళ్లింది, పాత ఇంటిపేరే పెట్టాలని హైకోర్టు అంటే 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి అది తల్లి ఇష్టం అంది. ఇంటిపేరు మీద పెత్తనం వద్దన్నారు, సరే, కానీ మనవరాలి నోట్లో ఒక సున్నుండ పెట్టడం పెత్తనం కాదు కదా.

నానమ్మా తాతయ్యా కూడా రావచ్చు అని ఆర్డర్లో ఒక్క లైను చాలు. అడిగితే దానికి వేరే ఐఏ, అంటే కేసు మధ్యలో వేసే ఇంకో పిటిషన్, వెయ్యాలన్నాడట వాళ్ల లాయరు, ఫీజు వేరే.