పేడకుప్ప పాము సాక్ష్యం

పురుగును చంపే ప్రొటీన్‌ను తామే తయారుచేసుకునేలా ఒక బాక్టీరియా జన్యువు ఎక్కించిన బీటీ పంటల గురించి ఏ నివేదిక తిరగేసినా ఒక వాక్యం తప్పదు: వానపాములపై చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదట. ఇంతకీ ఆ వానపామును ఎక్కడ కూర్చోబెట్టి అడిగారు?

ఈ పరీక్షకు 1984 నాటి అంతర్జాతీయ నియమావళి ఉంది. 70 పాళ్ళు ఇసుక, 20 పాళ్ళు తెల్లబంకమన్ను, 10 పాళ్ళు పీట్ (బురదనేలల్లో కుళ్ళిన నాచు) కలిపి సీసాలో పోసి, పది వానపాములను వదిలి, 20 డిగ్రీల చల్లదనంలో, రాత్రింబవళ్ళు దీపం వెలిగించి, 14 రోజుల తరువాత ఎన్ని బతికాయో లెక్కించాలి. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి కూడా ఇంత చల్లని గది దొరకదు. పైగా ఈ అతిథి పేడకుప్పల్లో, కంపోస్టులో పెరిగే జాతి; నల్లరేగడి మొహం ఎరగదు. "అయ్యా, మా వైపు పత్తి ఆరు నెలలు నిలుస్తుంది గదా, పద్నాలుగో రోజునే పంపించేస్తారేం?" అని అది అడగలేదు గనుక, అధికారి తూకం వేసి, "బతికే ఉంది" అని రాసుకుంటారు. పేడకుప్ప పాము సాక్ష్యంతో రేగడి పాము కేసు కొట్టివేయబడుతుంది.

ఆ బీటీ ప్రొటీన్ నేరుగా వానపాములను చంపుతున్నట్టు చాలా అధ్యయనాల్లో తేలలేదన్న మాట నిజమే. కానీ 2003లో స్విస్ పరిశోధకులు బీటీ మొక్కజొన్న ఆకుచెత్త తినిపించిన పాములు 160 రోజుల వరకు మామూలుగానే ఉండి, 200 రోజులకు 18 శాతం బరువు తగ్గాయి. మామూలు చెత్త తిన్నవి 4 శాతం పెరిగాయి. దానికి కారణం ఆ బీటీ విషమేనని వారు కూడా తేల్చి చెప్పలేదు. 14 రోజులకే దుకాణం కట్టేసేవారికి ఆ ప్రశ్నే ఎదురుకాదు.

ఇంతకూ నేలకు అసలు శత్రువు ఆ సీసాలోకి రానేలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు మందు కొట్టే బాధ తగ్గుతుందన్నారు. పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు, రెండు బీటీ జన్యువులు పెట్టిన తరువాతి విత్తనాన్ని కూడా జీర్ణం చేసుకుంది, పిచికారీ డబ్బా మళ్ళీ రైతు వీపెక్కింది. ఆ మందు పురుగును వెతుక్కుంటూ వెళ్ళదు, కారి నేలలోకి దిగుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులే చచ్చిపోయారు. సిగ్గు లేదా, ఇంకా సీసాలో పాములు లెక్కపెట్టడానికి?

తొలకరి పడిన మర్నాడు పార పట్టుకుని ఏ అధికారి అయినా రావచ్చు. చేను నేను చూపిస్తాను, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.