మహారాజశ్రీ పెద్ద అట్ట చెక్కు గారి సముఖమునకు

అయ్యా,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. కుశలం మీ వైపే కాస్త ఎక్కువున్నట్టు కనిపిస్తోంది. టెక్సాస్‌లో మే నెల వచ్చిందంటే మీకు తీరికుండదు. పొద్దున హైస్కూలు ఆడిటోరియం, మధ్యాహ్నం ఏదో హోటల్లో విందు, సాయంత్రం చర్చి హాలు. ఎక్కడికెళ్లినా ఇద్దరు పెద్దమనుషులు మిమ్మల్ని చెరో పక్కా పట్టుకోవాలి. మధ్యలో స్కాలర్‌షిప్పు వచ్చిన లాటినో పిల్ల, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చిన కుటుంబం పిల్ల. మెడ వరకూ మీరే కమ్మేస్తారు కాబట్టి ఆ పిల్ల తలా, నవ్వూ మాత్రం పైన కనిపిస్తాయి. మీ మీద అంకె అయితే ఆఖరి వరసలో కూర్చున్న అమ్మమ్మకు కూడా కళ్లజోడు లేకుండా కనిపిస్తుంది. 500 డాలర్లు.

నిలువెత్తు చెక్కు, మూడంకెల సొమ్ము. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ 500 ఎలా పోగైందో నాకు కాస్త తెలుసు కాబట్టి నోరు రావడం లేదు. మీకే తెలిసినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరం.

డిసెంబరులో ఒకసారి ఆ లాటినోల చర్చి వంటింటికి దయచేయండి. గుమ్మంలోంచి పట్టరు, అయినా ఏటవాలుగా రండి. రాత్రే నానబెట్టిన మొక్కజొన్న పొత్తుల ఆకుల్ని ఒకావిడ తుడిచి పేరుస్తుంటుంది. ఇంకొకావిడ మాసా అనే మొక్కజొన్న పిండిముద్దను చెంచా వెనక వైపుతో ఆకు మీద పలచగా పూస్తుంది. మధ్యలో ఎర్ర మిరపకాయల గుజ్జులో ఉడికిన పంది మాంసం పెట్టి, మడిచి, పెద్ద గిన్నెలో నిలువునా పేర్చి ఆవిరి మీద ఉడికిస్తారు. వీటిని తమాలెలు అంటారు. పనసాకు బుట్టల్లో ఉడికే మన కోనసీమ పొట్టిక్కల వరసే, పిండి వేరు, లోపల మాంసం ఉంటుంది, అంతే తేడా. డజన్ల లెక్కన అమ్ముతారు. ఆ పిండి పూసే చేతులు చాలావరకు పగలంతా ఎక్కడో ఆఫీసు తుడిచో, హోటల్ గదుల్లో పక్కలు సర్దో వచ్చినవి. కాలేజీ మెట్టు ఎక్కనివాళ్లు, ముఖం తెలియని పిల్ల కాలేజీ కోసం రాత్రి పన్నెండు దాకా నిలబడతారు. వాళ్లకి ఫొటో ఉండదు. ఉన్నా అందులో మీరుండరు.

ఇదేమీ కొత్త ముచ్చట కాదు. లాటినోల హక్కుల కోసం పనిచేసే లులాక్ అనే సంఘం 1929లో కార్పస్ క్రిస్టీలో పుట్టింది. టెక్సాస్‌లో మెక్సికన్ పిల్లల్ని వేరే బళ్లలో కూర్చోబెట్టే రోజులవి. 1957లో దాని జాతీయ అధ్యక్షుడు ఫెలిక్స్ తిహెరినా. హ్యూస్టన్‌లో రెస్టారెంట్లు నడిపే మనిషి. ఇంగ్లిష్ రాక ఒకటో తరగతిలోనే వెనకబడిపోతున్న పిల్లల కోసం గనాడో అనే చిన్న ఊళ్లో ఒక బడి పెట్టించాడు. బళ్లో చేరేలోపు 400 ఇంగ్లిష్ మాటలు నేర్పడం, అంతే పథకం. మొదటి పాఠాలు చెప్పింది పదిహేడేళ్ల అమ్మాయి. ఆ పని కోసం ఎవరైనా అట్ట చెక్కు కొట్టించినట్టు నేనెక్కడా చదవలేదు. ఆ తర్వాత 1973లో లులాక్ చదువుల కోసమే ఒక విభాగం పెట్టింది. ఊళ్లలోని శాఖలు పోగుచేసిన డబ్బుకు అది పైనుంచి మరికొంత జతచేస్తుంది. 1975లో లాటినో విద్యార్థుల కోసం హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ వచ్చింది. ఇంత చరిత్ర నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్న మీరు, దాంట్లోంచి ఒక్క ముక్కైనా మీ మీద అచ్చువేయించుకోలేదు. స్పాన్సర్ లోగో మాత్రం తళతళలాడుతోంది.

మీ దర్శనానికి ముందు భక్తులు చెల్లించాల్సిన మొక్కు ఒకటుంది కదా, దాని గురించీ చెప్పాలి. వ్యాసం. "మీరు ఎదుర్కొన్న కష్టం గురించి 500 పదాల్లో రాయండి." డాలర్‌కో పదం, లెక్క సరిపోయింది. బాగా చదివే పిల్లలు తొందరగానే కిటుకు పట్టేస్తారు. నాన్నకి ఉద్యోగం పోవడం మామూలు కష్టం. నాన్ననే దేశం నుంచి పంపించేయడం ఫైనల్‌కి వెళ్లే కష్టం. ఇంట్లో ఎవరికీ ఏమీ కాని పిల్ల పాపం టెన్షన్ పడుతూ కూర్చుంటుంది, ఏం రాయాలో తెలీక. ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారని పదిహేడేళ్ల పిల్ల దిగులుపడేలా చేసిన ఘనత మీ కమిటీలదే.

వ్యాసం కన్నా పెద్ద గండం ఫాఫ్సా. ప్రభుత్వ సాయానికి అదే దరఖాస్తు, అమ్మానాన్నల ఆదాయం అందులోనే చెప్పాలి. దాన్ని సులువు చేస్తామని చెప్పి, అక్టోబరులో తెరవాల్సింది 2023 డిసెంబరు ఆఖరుకి తెరిచారు. తెరిచాక తేలిందేమిటంటే, సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అంకె, లేని అమ్మానాన్నల వివరాలు పేజీ దాటి కదలవు. పిల్ల అమెరికా పౌరురాలే, ఇక్కడే పుట్టింది, సాయానికి పూర్తి అర్హురాలు. అయినా అమ్మకి నంబరు లేదు కాబట్టి ఆగిపోయింది. సరిచేసేసరికి మార్చి. చాలా రాష్ట్రాల్లో, కాలేజీల్లో సాయానికి ముందొచ్చినవాళ్లదే వరస. ఈ గొడవంతా ఇంట్లో దాటించేది ఎవరనుకున్నారు? ఆ పిల్లే. అమ్మ పన్ను కాగితాలు స్పానిష్‌లో అమ్మకి చెప్పి, ఇంగ్లిష్‌లో ప్రభుత్వానికి చెప్పి, కస్టమర్ కేర్ పాట వింటూ గంటలకొద్దీ ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నది ఆ పిల్లే.

ఇక అసలు సంగతి.

మిమ్మల్ని బ్యాంకులో వెయ్యలేం. అసలు చెక్కు చిన్నది, కవర్లో వస్తుంది, అదీ సెప్టెంబరులోనో అక్టోబరులోనో, చేరినట్టు రుజువు పంపాక. చాలాసార్లు పిల్ల పేరు మీద కాదు, కాలేజీ పేరు మీద. ఫీజు గడువు మాత్రం ఆగస్టులో. అదీ పక్కనబెడదాం. ఆ చెక్కు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు బల్ల మీదికి చేరాక జరిగే వింత మీరెప్పుడైనా చూశారా?

కాలేజీ తన జేబులోంచి ఆ పిల్లకి 12,000 డాలర్ల గ్రాంటు ఇస్తానంది అనుకుందాం. తమాలెల డబ్బు 1,000 వచ్చింది. ఆఫీసులో ఎవరో కంప్యూటర్‌లో ఆ వెయ్యి ఎక్కిస్తారు. ఒక్క నిమిషంలో గ్రాంటు 11,000 అయి కూర్చుంటుంది. పిల్ల కట్టాల్సింది నిన్న ఎంతో ఇవాళా అంతే. అడిగితే కేంద్ర నిబంధన చూపిస్తారు: మొత్తం సాయం పిల్ల అవసరాన్ని మించకూడదు. నిబంధన నిజమే. కానీ మించితే ఏది తగ్గించాలన్నది చాలావరకు కాలేజీ చేతిలోనే ఉంటుంది. పిల్ల నెత్తిన పెట్టిన అప్పు తగ్గించవచ్చు, క్యాంపస్‌లో చెయ్యాల్సిన పార్ట్‌టైం పని తగ్గించవచ్చు. పేద పిల్లలకి కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు అయితే బయటి స్కాలర్‌షిప్పు వచ్చిందని మామూలుగా తగ్గదు, 2025–26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు. చాలాసార్లు అన్నిటికన్నా ముందు కత్తెర పడేది ఎక్కడంటే, కాలేజీకి డబ్బు మిగిలే చోట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పైగా ఆ కాలేజీయే బ్రోషర్‌లో మా విద్యార్థులకు ఇంత సాయం అందుతోందని లాటినో పిల్లల బొమ్మలు వేసుకుంటుంది. అత్త సొమ్ము, అల్లుడి దానం.

అంటే చర్చి వంటింట్లో రాత్రంతా నిలబడ్డ ఆడవాళ్లు తెలియకుండానే విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చారు. వందల కోట్ల నిధి ఉన్న సంస్థకి, పక్కలు సర్దే మనుషులు. ఈ సంగతి ఆ వంటింట్లో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. మీకు గొంతు పెద్దదేగా, మీరు చెప్పండి.

కొన్ని రాష్ట్రాలకి సిగ్గేసింది. 2017లో మేరీల్యాండ్ తన ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతకి కళ్లెం వేసింది, అందరికన్నా ముందు. తర్వాత న్యూజెర్సీ, వాషింగ్టన్. 2022లో కాలిఫోర్నియా, పేద విద్యార్థుల వరకు. మిగతా చాలా చోట్ల పిల్ల అదృష్టం, ఆఫీసులో కూర్చున్నవారి మూడ్.

మీరు ఎదురుచూడని ఇంకో దెబ్బ కూడా తగిలింది. పత్రాలు లేకుండా చిన్నప్పుడే వచ్చి టెక్సాస్‌లో హైస్కూలు పూర్తిచేసిన పిల్లలకు రాష్ట్రంలోనివాళ్లకుండే తక్కువ ఫీజే తీసుకోవచ్చని 2001లో గవర్నర్ రిక్ పెర్రీ సంతకం చేశాడు. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం టెక్సాసే. ఆ పిల్లలకి ప్రభుత్వ పెల్ గ్రాంటు రాదు, కాబట్టి ఆ తక్కువ ఫీజూ, సంఘాలిచ్చే డబ్బూ వాళ్లకి పెద్ద ఆసరా. 2025 జూన్ 4న కేంద్రం ఆ చట్టం మీద కేసు వేసింది. రాష్ట్రం వాదించలేదు, ఒప్పేసుకుంది. జడ్జి అదే రోజు చట్టాన్ని ఆపేశారు. వాయిదాల మీద వాయిదాలు చూసి పెరిగిన తెలుగువాళ్లకి చెబితే కోర్టు గురించి కాదేమో అనుకుంటారు. ఆ పిల్లల ఫీజు రెండు మూడు రెట్లైంది. మీ మీది 500 మాత్రం చెక్కుచెదరలేదు.

మనవాళ్లు ఇది మనది కాదులే అని నిబ్బరంగా ఉంటారు. హెచ్‌-1బి మీద వచ్చిన అమ్మానాన్నల వెంట నాలుగేళ్ల వయసులో దిగిన తెలుగు పిల్లలకీ ఫెడరల్ సాయం లేదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉండగానే 21 నిండితే, అమ్మానాన్నల మీద ఆధారపడి వచ్చే హెచ్‌-4 వీసా పోతుంది. ఆ ఫాఫ్సా పేజీ ముందు కూర్చోవాల్సిన పని కూడా లేదు, అర్హతే లేదు కాబట్టి. మన తెలుగు సంఘాల వేదికల మీదా మిమ్మల్ని చూస్తూనే ఉంటాను, పూలదండలతో. అక్కడా కాలేజీ ఏం కోస్తుందో అడిగినవాళ్లు కనిపించలేదు.

అన్నట్టు, మీలో కోటీశ్వరులున్నారని తెలుసు. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు 1985 నుంచి నడిపే 'హాసెర్' స్కాలర్‌షిప్పులో పెద్ద బహుమతి లక్ష డాలర్లు. అమ్మానాన్నల్లో ఒకరైనా లాటినో అయి ఉండాలన్న షరతు మీద 2025 జనవరిలో కేసు పడింది, అడ్మిషన్లలో జాతి చూడకూడదని హార్వర్డ్ మీద 2023లో గెలిచిన ఎడ్వర్డ్ బ్లమ్‌దే ఇంకో సంస్థ వేసింది. కొద్ది రోజుల్లోనే రాజీ. ఇప్పుడు వంశం చూపక్కర్లేదు, లాటినో సమాజానికి చేసిన సేవ చూపాలి. సరే, మంచిదే. ఆ లెక్కన పిండి పూసిన ఆడవాళ్లందరికీ రావాలి మొదటి బహుమతి.

మీమీద నాకు కోపం లేదు. 500 చిన్న సొమ్మనీ అనను. ఇంటి నుంచే కమ్యూనిటీ కాలేజీకి వెళ్లొచ్చే పిల్లకి అది కారు బ్యాటరీ, లేదా కెమిస్ట్రీ పుస్తకం, లేదా పని మానుకుని పరీక్షకి కూర్చునే వారం. బ్యాటరీ చచ్చిపోయి సెమిస్టర్ వదిలేసిన పిల్లలున్నారు. అందుకే ఆ డబ్బు దారి తప్పకూడదంటున్నాను.

మీ ఎడమ వైపు అడుగున 'మెమో' అని ఒక గీత ఉంటుంది. ప్రతి ఏడాదీ దాన్ని ఖాళీగా వదిలేస్తున్నారు, లేకపోతే "అభినందనలు" అని రాస్తున్నారు. ఈసారి అక్కడ, అసలు చెక్కుతో పంపే ఉత్తరంలో కూడా, ఇలా రాయించండి: "ఈ సొమ్ము వచ్చిందని కాలేజీ గ్రాంటు తగ్గించరాదు. తగ్గించాల్సి వస్తే ముందు అప్పు తగ్గించండి. కుదరదంటే చెక్కు వాపసు పంపండి, పిల్లకి మేమే కారు బ్యాటరీ కొనిపెడతాం." అక్షరాలు 500 అన్నంత పెద్దవిగా ఉండాలి.

ఇట్లు,
డల్లాస్ నుంచి ఒక తెలుగు వాలంటీరు