అల్లుడు సరే, ఓట్లు తెచ్చాడా?

2024 నవంబరులో ట్రంప్ గెలిచాక తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మొదలైన వాదన ఇంకా ఆగలేదు. ట్రంప్ రన్నింగ్ మేట్‌గా (అంటే ఉపాధ్యక్ష అభ్యర్థిగా) నిలబడ్డ జేడీ వాన్స్ మన తణుకు దగ్గరి వడ్లూరు అల్లుడట, ఆయన వల్లే ఆయన సొంత రాష్ట్రం ఒహాయో వచ్చిందట, అమెరికా తెలుగువాళ్లంతా ట్రంప్‌కే గుద్దారట. పైగా 1960లో రన్నింగ్ మేట్‌గా టెక్సస్ సెనేటర్ జాన్సన్ లేకపోతే కెనెడీ గెలిచేవాడే కాదన్న సాక్ష్యం ఒకటి.

అల్లుడన్న మాట నిజమే. వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది ఆ ఊరే. అక్కడివరకు పేచీ లేదు.

ఒహాయో సంగతి చూద్దాం. వాన్స్ ఊసే లేని 2020లోనూ ట్రంప్ అక్కడ 8 శాతం తేడాతో గెలిచాడు. 2024లో అది 11 అయింది. పెరిగిందిగా అంటారా? దేశం మొత్తం మీద 2020లో నాలుగున్నర శాతం వెనకున్న ట్రంప్, 2024లో ఒకటిన్నర శాతం ముందున్నాడు. అంటే దేశం ఆరు పాయింట్లు కదిలితే అల్లుడుగారి రాష్ట్రం మూడే కదిలింది. అవతల కమలా హారిస్ రన్నింగ్ మేట్ టిమ్ వాల్జ్‌ది మిన్నెసోటా. అక్కడ డెమొక్రాట్ల ఆధిక్యం 7 నుంచి 4కి జారింది. అదీ ట్రంప్ వైపు మూడు పాయింట్లే! దేశం కన్నా తక్కువ జారింది కాబట్టి వాల్జ్‌కు మార్కులు వేస్తామంటే వేయండి, కాకపోతే అదే లెక్కన వాన్స్‌కు కోత పెట్టాలి. వాల్జ్ పాఠాలు చెప్పిన మన్‌కేటో ఊరున్న బ్లూ ఎర్త్ కౌంటీ అయితే బైడెన్ చేతి నుంచి ట్రంప్ చేతికి వెళ్లింది.

నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది 1988 టెక్సస్. డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి డుకాకిస్ రన్నింగ్ మేట్ లాయిడ్ బెంట్‌సెన్ అక్కడి సెనేటర్. సెనేట్‌కూ ఉపాధ్యక్ష పదవికీ ఒకేసారి పోటీ చేసే వెసులుబాటు టెక్సస్ చట్టంలో ఉంది (జాన్సన్ కోసం పెట్టిందే!). కాబట్టి ఒకే బ్యాలెట్ మీద బెంట్‌సెన్ పేరు రెండు చోట్ల ఉంది. సెనేట్‌కు ఆయనకు సుమారు 59 శాతం ఓట్లు పడ్డాయి. డుకాకిస్‌తో కలిసి నిలబడ్డచోట 43 శాతం. మనిషి మీద అభిమానం ఉంది, పైనున్న డుకాకిస్ పేరుకు మాత్రం అది అంటలేదు.

ఇక జాన్సన్. టెక్సస్‌లో కెనెడీ ఆధిక్యం 46 వేల చిల్లర. అక్కడ జాన్సన్ పనికొచ్చి ఉంటాడు, కాదనను. కానీ కెనెడీకి మొత్తం 303 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా వచ్చే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు), కావాల్సినవి 269. టెక్సస్ 24 తీసేసినా 279 మిగులుతాయి.

తెలుగు ఓట్ల మాటకొస్తే, హెచ్1బీ మీదున్నవాళ్లకు, గ్రీన్ కార్డువాళ్లకు ఓటే లేదు. పౌరసత్వం ఉన్నవాళ్లలోనూ చాలామంది కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీల్లో ఉంటారు. అవేవీ 2024లో ఫలితం తేల్చిన రాష్ట్రాలు కావు.

రన్నింగ్ మేట్ అసలు లెక్కలోకే రాడా అంటే, వస్తాడు, కానీ ఎంచుకున్నవాడి బుర్రకు కొలతగా. 1972లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్ రన్నింగ్ మేట్‌గా ఎంపిక చేసిన ఈగిల్టన్ డిప్రెషన్‌కు షాక్ చికిత్స తీసుకున్నాడని బయటపడింది. "వెయ్యి శాతం ఆయన వెంటే" అన్న మెక్‌గవర్న్, ఎంపికైన 18 రోజులకే ఆయన్ను తప్పించాడు. ప్రత్యర్థి నిక్సన్ అప్పటికే బాగా ముందున్నాడు కాబట్టి ఓటమికి అదొక్కటే కారణం కాదు. కానీ జనం నోళ్లలో నానింది ఈగిల్టన్ జబ్బు కన్నా ఎక్కువగా మెక్‌గవర్న్ ఊగిసలాటే.