స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన మత్తులో బండి నడిపినట్టు కాదు

గంజాయి కొట్టి బండి నడిపేవాళ్లను వదిలేయమని ఎవరూ అనరు, నేనూ అనను. నా కోపమంతా పట్టుకున్నాక జరిగే పని మీదే. మూత్రంలో డ్రగ్స్ ఆనవాళ్లు చూపే పరీక్ష స్ట్రిప్ ముంచి, "పాజిటివ్, మత్తులో నడిపాడు" అని కాగితం రాసేస్తే తప్పు చేయనివాడు ఇరుక్కుంటాడు, నిజంగా తూలుతూ నడిపినవాడు కోర్టులో తప్పించుకుంటాడు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్లో మద్యానికి లెక్క ఉంది: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరం. డ్రగ్స్‌కు అలాంటి అంకె లేదు. బండిని అదుపు చేయలేనంత మత్తులో ఉన్నాడని చూపించాలి. ఆ సంగతి మూత్రం చెప్పదు. గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. అది కాలేయంలో మారిపోయాక మిగిలే, మత్తే లేని పదార్థాన్ని స్ట్రిప్ పట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి తాగేవాడి మూత్రంలో అది కొన్ని రోజులుంటుంది, రోజూ తాగేవాడికైతే వారాల తరబడి పోదు. శనివారం తాగి మంగళవారం నిక్షేపంగా ఆఫీసుకు పోతున్నవాడికీ పాజిటివే రావచ్చు. గంజాయి తాగడం ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం 27వ సెక్షన్ కింద నేరమే, కానీ ఆ కేసు వేరు, 185 వేరు.

పైగా ఆ స్ట్రిప్‌ను తలకిందులుగా చదివేస్తుంటారు. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత వస్తే పాజిటివ్ కదా, ఇక్కడ టీ (T, టెస్ట్) అక్షరం దగ్గర గీత వస్తే నెగెటివ్, రాకపోతే పాజిటివ్. ఆ గీత కనబడీ కనబడనట్టున్నా నెగెటివే. సీ (C, కంట్రోల్) దగ్గర గీత లేకపోతే స్ట్రిప్ చెడిపోయినట్టు, ఇంకోటి తీయాలి. కిట్ మీద రాసిన నిమిషాలు దాటాక చూసింది లెక్కలోకి రాదు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కొన్ని కిట్లలో యాంఫెటమిన్ అనే మత్తుమందుగా కనబడుతుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా ఓపియేట్స్ (నల్లమందు జాతి మత్తుమందులు) పాజిటివ్ రావచ్చు. అందుకే స్ట్రిప్ అనుమానం వరకే. పదార్థం ఫలానాదే అని తేల్చాల్సింది ల్యాబులో జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ అనే, పదార్థాలను విడదీసి గుర్తుపట్టే మిషన్.

అసలు సాక్ష్యం రక్తం, దానికి శత్రువు ఆలస్యం. పొగ పీల్చిన నిమిషాల్లోనే రక్తంలో టీహెచ్‌సీ పైకెక్కుతుంది, గంటా రెండు గంటల్లో బాగా పడిపోతుంది. మద్యం 100 మి.లీ. రక్తంలో గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గుతుంది. బండి ఆపినప్పుడు 55 ఉన్నవాడిని స్టేషన్లో కూర్చోబెట్టి, డ్యూటీ డాక్టర్ కోసం ఎదురుచూసి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తే 25 దగ్గరికి వస్తుంది. కేసు అక్కడే పోయింది.

తీసేటప్పుడైనా జాగ్రత్త ఉండాలి. సూది గుచ్చే చోట స్పిరిట్ (అదీ ఆల్కహాలే) దూదితో తుడవొద్దు, పొవిడోన్ అయోడిన్ చాలు. లేకపోతే డిఫెన్స్ లాయర్ మొదటి ప్రశ్న అదే. బూడిదరంగు మూత ట్యూబే వాడాలి. అందులో ఉండే సోడియం ఫ్లోరైడ్ సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్ తయారుచేయకుండా ఆపుతుంది, కొకైన్ విరిగిపోవడాన్నీ నెమ్మదింపజేస్తుంది. పొటాషియం ఆక్సలేట్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. ట్యూబు నిండా తీసి ఎనిమిది పది సార్లు మెల్లగా తిరగేయాలి, గిలక్కొట్టకూడదు. తిరగేయకపోతే ట్యూబులోని ఆ రసాయనాలు అడుగునే ఉండిపోయి రక్తం గడ్డకడుతుంది, ల్యాబువాళ్లకు కొలవడానికి సరైన నమూనా ఉండదు. రెండు ట్యూబులు తీస్తే ఒకటి మళ్లీ పరీక్షకు దాచొచ్చు. సీలు వేసి 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టాలి, స్టేషన్ బీరువాలో కాదు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు వెళ్లిందో రాయాలి.

యాక్సిడెంట్ కేసుల్లో ఆసుపత్రి రిపోర్టునే జతచేస్తుంటారు. అది చాలాసార్లు సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) మీద చేసింది, మొత్తం రక్తం కంటే పది, ఇరవై శాతం ఎక్కువ చూపిస్తుంది. సీరంలో 33 వస్తే చట్టం అడిగే రక్తంలో 30 దాటకపోవచ్చు. దెబ్బలు తగిలి రక్తంలో లాక్టేట్ అనే పదార్థం పెరిగిన మనిషికి, ఆసుపత్రులు వాడే ఎంజైమ్ పద్ధతిలో లేని మద్యం కూడా కనబడొచ్చు. ఫోరెన్సిక్ ల్యాబులో మద్యాన్ని విడిగా కొలిచే హెడ్‌స్పేస్ జీసీ మిషన్ మీద చేయించుకోవాలి.

ఇక డ్రగ్స్ కేసులో ల్యాబు అంకె ఒక్కటే ఎటూ సరిపోదు. ఆపినప్పుడు మాట తడబడిందా, కంటిపాప ఎలా ఉంది, నాడి ఎంత కొట్టుకుంటోంది, గీత మీద నడవమంటే ఏమైంది, బండి ఎలా వచ్చింది, ఇవన్నీ డాక్టరూ ఎస్సై అక్కడికక్కడే రాయాలి. బండి ఆపిన టైమూ, రక్తం తీసిన టైమూ పక్కపక్కనే వేయాలి. ఛార్జిషీటులో ముందు వెతకాల్సిన కాగితం అదే.