వెనక సీటు కింది దొరగారికి

మహారాజశ్రీ ఫ్యూయల్ పంపు గారి సముఖానికి,

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల కార్ల వాళ్ళు నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం తెలుసుకుందామంటే తమరేమో పెట్రోలు టాంకులో మునిగి కూర్చున్నారు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా రవంత ఆగితే, వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు జుయ్‌మని వినిపిస్తారు. తమరి దర్శనభాగ్యం అంతే. ఆ రెండు సెకన్లలోనే ఇంజన్‌కి పెట్రోలు పోయే లైనులోకి మూడు నాలుగు బార్ల (బారంటే ప్రెషర్ కొలత) ప్రెషర్ ఎక్కించి ఊరుకుంటారు. ఇంజన్ తిరగడం మొదలయ్యాకే మళ్ళీ పనిలోకి దిగుతారు.

తమరి ధర గురించే ఈ విన్నపం. తీరా చూస్తే తమరు అరచేతిలో పట్టే 12 వోల్టుల మోటారు. చిన్న పెట్రోలు కారుకి ఆ మోటారు ఒక్కటే బయట కొంటే రెండు మూడు వేలకు అటూ ఇటూ. కానీ కంపెనీ కౌంటర్లో చాలామటుకు తమరొక్కరే రారు. పెళ్ళికొడుకుని పిలిస్తే తోడపెళ్ళికొడుకు, మేనమామ, బాజాల వాళ్ళు కూడా దిగినట్టు ఫిల్టరు, ప్రెషర్ రెగ్యులేటరు, పెట్రోలు ముల్లుని ఆడించే ఫ్లోటు, ప్లాస్టిక్ డబ్బా, పై మూత అన్నీ కలిసి ‘అసెంబ్లీ’ అనే పేరుతో వస్తారు. అందరి చార్జీలూ మావే. బిల్లు మోటారు ధరకు రెండు మూడింతలు, పెద్ద కార్లయితే ఇంకా పైకి. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అంటే 8,000 సరుకు మీద 800 మిగలాలి. అదెటు పోయిందని అడుగుదామంటే బిల్లులో దాని పక్కనే లేబరు లైను గంభీరంగా నిలబడి ఉంటుంది.

అసలు చోద్యం ఏందంటే, చాలా కేసుల్లో తమరు నిర్దోషులు. బండి స్టార్ట్ కాలేదంటే చాలు, ‘పంపు పోయిందన్నా’ అని బానెట్ తెరవకముందే తీర్పు. ఫ్యూజు చూడరు. రిలే చూడరు, అది తమరికి కరెంటు కలిపే చిన్న స్విచ్చు, కొన్ని వందల రూపాయల వస్తువు. చాలా కార్లలో పక్కనే హారన్‌కో ఏసీకో అదే నంబరు రిలే ఉంటుంది. రెండూ అటుదిటు మార్చి పెడితే నిమిషంలో తేలిపోయే వ్యవహారం. తాళం తిప్పినప్పుడు జుయ్‌మని, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ తమరు మౌనం వహిస్తే అనుమానించాల్సింది క్రాంక్ సెన్సార్‌ని. ఇంజన్ తిరుగుతున్నట్టు దాన్నుంచి కబురు రాకపోతే ఇంజన్ కంప్యూటరు ఈసీయూ తమరికి కరెంటు ఇవ్వదు. శిక్ష మాత్రం తమరికీ, జరిమానా మాకూ.

ఇక ఎర్త్ వైరు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఎర్త్ బోల్టు తుప్పు పట్టడం ఎంతసేపు! మల్టీమీటరు తమరి వైర్లు కలిసే కప్లర్ దగ్గర, తమరు తిరుగుతుండగా పెట్టి చూడాలి. అక్కడి వోల్టేజి బ్యాటరీ కన్నా ఒక వోల్టు పైన తగ్గిందంటే గొడవ వైరులోనో, కాలిన పిన్నులోనో ఉన్నట్టు. కప్లర్ కాలిందని చూడకుండా కొత్త పంపు బిగిస్తే అదీ సగం కరెంటుతో ఈసురోమంటుంది. చివరికి ప్రెషర్ గేజీ. అది లేని షెడ్డులో చెప్పే తీర్పు సోదితో సమానం. బండి ఆపాక గేజీ ముల్లు జారిపోతుంటే మాత్రం లోపల వెనక్కి రానివ్వని వాల్వు వదులై ఉండొచ్చు, పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం అందువల్ల కావచ్చు. ఇంజన్లోకి పెట్రోలు చల్లే ఇంజెక్టర్ కారినా ఇదే లక్షణం, అది కూడా చూసుకోవాలి.

తమరు నిజంగా ప్రాణం విడిచే సందర్భాలూ లేకపోలేదు. వాటిలో మా పాపం ఎక్కువే. తమరిని చల్లబరిచేదీ, లోపల తడి ఉంచేదీ చుట్టూ ఉన్న పెట్రోలే. మేమేమో ‘రెండొందలకి కొట్టన్నా’ బాపతు. ఆ డబ్బుకి రెండు లీటర్లు కూడా రాని రోజుల్లో, రోహిణి కార్తె ఎండలో, ఎర్రలైటు వెలుగుతుండగా కావలి నుంచి ఒంగోలు దాకా లాగుతాం. తమరు వేడెక్కరా మరి? అరిగిన పంపు మామూలు రోడ్డు మీద బాగానే నటిస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, ఏసీ వేసి నలుగురు కూర్చుంటే దాని బండారం బయటపడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోక కుదుపులతో పోతుంది. కొందరు టాంకు అడుగున రబ్బరు సుత్తితో నాలుగు తగిలించి స్టార్ట్ చేస్తారు. అట్లా స్టార్టయిందంటే బాగయినట్టు కాదు, లోపలి కార్బన్ బ్రష్షులు అయిపోయాయని తమరే ఒప్పుకున్నట్టు. నేరుగా షెడ్డుకి పోవాలి.

మార్చే పద్ధతి కూడా తమరి హోదాకి తగ్గట్టే ఉంటుంది. టాంకు నిండుగా ఉన్న రోజు పోకూడదు, పావు టాంకు చాలు. చాలా కార్లలో వెనక సీటు లేపి రేకు మూత విప్పితే తమరి కిరీటం కనిపిస్తుంది. కొన్నింటిలో టాంకే కిందికి దించాలి, లేబరు పెరిగేది అక్కడే. ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి లైనులో ప్రెషర్ తీసేయాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. మూత చుట్టూ పేరుకున్న దుమ్ముని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేశాకే మూతని బిగించిన రింగు తిప్పాలి. చీమకుర్తి వైపు తిరిగే బండి అయితే అక్కడ గ్రానైటు పొడి గుప్పెడు దొరుకుతుంది. అది టాంకులో పడితే కొత్త పంపుకి మొదటి భోజనం అదే. తమరిని నిలువుగా లాగకుండా ఏటవాలుగా ఎత్తాలి, లేకుంటే ఫ్లోటు కడ్డీ వంగి, నిండు టాంకుని కూడా ముల్లు సగమే చూపిస్తుంది. ఇంత జరుగుతుంటే పక్కన బీడీ ముట్టించే పెద్దమనిషిని ముందు బయటికి పంపాలి, మంటలార్పే సిలిండరు లోపలికి తేవాలి.

మోటారు ఒక్కటే మార్చే చోట పొదుపు చేసి చెడగొట్టేది మూడు చోట్ల. పెట్రోలు పీల్చే చోట ఉండే పాత జాలీనే తొడిగితే దానిలోని మడ్డి కొత్త మోటారుకి ఊపిరాడనివ్వదు. మూత కింద ఉండే పాత రబ్బరు ఓ-రింగే వేస్తే టాంకు నింపిన రోజు కారంతా పెట్రోలు వాసన. లోపల పెట్రోలులో మునిగి ఉండే పైపు బదులు మామూలు రబ్బరు గొట్టం తగిలించారో, అది ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు నుంచి జారుతుంది. తమరు ఎంత కష్టపడి తోసినా పెట్రోలు మళ్ళీ టాంకులోకే. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రోజుల్లో ఈ గొట్టం సంగతి అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్లోటు, రెగ్యులేటరు బాగుంటే మోటారు, జాలీ, గొట్టం, ఓ-రింగు మార్చి బయటపడటమే మా లెక్కలో న్యాయం. డబ్బా పగిలినా, ఫిల్టరు విడిగా దొరకని మోడలైనా అసెంబ్లీకి దణ్ణం పెట్టక తప్పదు.

ఇట్లు,
తమరి బరువు మోసే కార్ల వాళ్ళు

తా.క.: డీజిల్ కార్లలో ఉండే తమరి పెద్దన్న, ఆ హై ప్రెషర్ పంపు గారికి మా నమస్కారాలు అందజేయండి. ఆయన వెయ్యి బార్లు దాటిన మనిషి. ఆయన అరిగితే ఇనుప రజను, ఇంజెక్టర్లకి డీజిల్ పంచే రెయిలు, ఆ ఇంజెక్టర్ల దాకా పోయి, బిల్లు లక్షల్లో మాట్లాడుతుంది. ఆయనకి లేఖ రాసే స్తోమత మాకింకా రాలేదు. బిల్లులో ‘క్లీనింగ్ చార్జీలు’ అని కనిపిస్తే మాత్రం తీసిన పాత జాలీ చూపించమని ఈసారి తప్పకుండా అడుగుతాం.