ముందు అమ్మకం, తర్వాత అనుమతి: ఒక సమర్థన

లేఅవుట్లకు అనుమతులిచ్చే పద్ధతి మీద ఈ మధ్య తలా ఒక రాయి వేస్తున్నారు. అధికారులు చూడరట, చూసినా చూడనట్టే ఉంటారట, చెరువుల్లో ప్లాట్లు పడుతుంటే నిద్రపోతారట. నగర ప్రణాళిక అనే శాస్త్రం లోతు తెలియక అనే మాటలివి. మిగతా దేశాలవాళ్లు ముందు ప్లాను గీసుకుని ఆనక ఊరు కడతారు. సగం కట్టేసరికి ప్లానుకీ ఊరికీ పొంతన ఉండదు. మనం ముందు ఊరు కట్టేసి, అదెటు పోయిందో తీరిగ్గా చూసుకుని, దాని మీద ప్లాను గీస్తాం. గీత పొల్లు పోదు.

పాత పద్ధతి పుస్తకంలో ఇంకా ఉంది, కాదనను. సాగుభూమిని నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పిడి) చేయించాలి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకో బయటైతే పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీకో ఫైలు పెట్టాలి. రెవెన్యూ, నీటిపారుదల శాఖల నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీలు తేవాలి. అధికారి వచ్చి స్థలం చూడాలి. ఆ మీదట తాత్కాలిక లేఅవుట్ ఇచ్చి 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు, నీళ్లు అన్నీ అమర్చి, 10 శాతం ఖాళీ జాగాను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసిచ్చాకే ఫైనల్ లేఅవుట్ చేతికొస్తుంది. చదువుతుంటేనే నీరసం రావడం లేదూ? ఈ తతంగం ముగిసేలోపు పక్క వెంచర్ ఆసామి మూడు ఫేజులు అమ్మేసి, రెండు కార్లు మార్చి, టికెట్ కోసం పార్టీ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు.

అందుకే దయగల ప్రభుత్వాలు అనుమతి లేని లేఅవుట్లని రుసుము కట్టించుకుని సక్రమం చేసే ఎల్‌ఆర్‌ఎస్ కనిపెట్టాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఒకసారి, 2015లో తెలంగాణలో ఒకసారి, 2020లో మళ్లీ ఒకసారి. పిల్లలు పుట్టాక జాతకాలు కలిపి చూడడం లాంటిది ఇది: ఏ పంతులూ కుదరలేదని చెప్పలేడు. 2020 విడతలో 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ప్లాటుకు వెయ్యి రూపాయల చొప్పున ఎంత తక్కువ లెక్కేసినా 250 కోట్లు. అదీ ఫైలు తెరవకముందే. ముందే అనుమతులు తీసుకునే బుద్ధిమంతులతో ఖజానా నిండుతుందా, చెప్పండి.

ఆ పథకాన్ని తీరుబడిగా చదివితే ముచ్చటేస్తుంది. ముఖ్యంగా 10 అంకె మీద దానికున్న మమకారం. అనుమతి తీసుకున్నవాడు 10 శాతం జాగా పార్కుకి వదలాలి. తీసుకోనివాడు పథకం పెట్టిన కటాఫ్ తేదీ నాటికి 10 శాతం ప్లాట్లు అమ్మేసి ఉంటే చాలు, మిగిలిన 90 శాతానికీ దారి దొరుకుతుంది. ఒకే శాతం, ఇద్దరికీ సమన్యాయం! మరి రెండోవాడు వదలని పార్కు సంగతేమిటంటారా? దానికీ లెక్క ఉంది. ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుము కట్టాలి. కట్టేది వెంచర్ వేసినవాడు కాదు, కొన్నవాడు. రసీదు ఇస్తారు. పిల్లలు ఆడుకుంటామని మారాం చేస్తే అది చూపించవచ్చు.

ఇక చెరువులు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే నిండుకుండ మట్టం (ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు చాలు. లెక్కల్లో వెనకబడినవాళ్లకి ఇందులో విశేషమేదీ కనిపించదు. రియల్టర్‌కి కనిపిస్తుంది. పదకొండు హెక్టార్ల చెరువులో రాత్రిళ్లు రెండు హెక్టార్ల మేర మట్టి పోస్తే, ఆ రెండు హెక్టార్లతో పాటు చుట్టూతా 21 మీటర్ల పట్టీ బోనస్. మనవాళ్లకి గణితం రాదని ఎవరన్నారు?

మొన్న ఎండాకాలం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక వెంచర్‌కి సైట్ విజిట్‌కని తీసుకెళ్లారు. ఉచిత కారు, ఉచిత బిర్యానీ. సమీక్షకుడిగా నా వంతు బాధ్యత అనుకుని అంతా పరిశీలించాను. ఆర్చి బ్రహ్మాండంగా ఉంది. ఎర్రమట్టి రోడ్లకి అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్లు, వాటి మీద ఎర్ర అంకెలు, రంగు జెండాలు. కాళ్ల కింద నేల మాత్రం పలకలు పలకలుగా పగిలి ఉంది, పగుళ్లలో నత్తగుల్లలు. పార్కు ఎక్కడని అడిగితే కుర్రాడు బ్రోచర్ విప్పి ఆకుపచ్చ రంగు మీద వేలు పెట్టాడు. అటు పక్కగా రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం.

“అదేంటి బాబూ?”

“పాత గుడి సార్, మస్తు పవర్‌ఫుల్ అంట. మనం డెవలప్ చేస్తున్నం.”

తూము అది. కట్ట కింద పొలాలకి నీళ్లు వదిలే తూము. కానీ దణ్ణం పెట్టుకున్న ఇద్దరు ముగ్గురిని చూశాక నాకూ నోరు రాలేదు. పైగా ఈశాన్యంలో ఉంది. వాస్తు ఆయన కూడా నేల వాలు ఈశాన్యానికే ఉంది, నీరంతా అటే పోతుంది, దివ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చాడు. నీరు ఎటు పోతుందో ఆ వెంచర్‌లో ఆలోచించిన ఒకే ఒక్క నిపుణుడు ఆయనే.

వానకి మాత్రం మన పద్ధతి ఇంకా అలవాటు కాలేదు. 2020లో దరఖాస్తులకి మొదట పెట్టిన గడువు అక్టోబర్ 15. దరఖాస్తు, రుసుము, ఎన్‌వోసీ ఏమీ లేకుండా 13వ తేదీనే వాన హైదరాబాద్‌లో స్వయంగా స్థల పరిశీలనకి దిగింది. కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. టోలిచౌకిలో నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, వీధుల్లో పడవలు తిరిగాయి. ఇంటింటికీ వెళ్లి, గోడ మీద చెరగని గీత గీసి మరీ ఎఫ్‌టీఎల్ చూపించిన సర్వే అంతకు ముందు ఎవరైనా చేశారా? దాన్నెవరూ సర్వేగా గుర్తించలేదు. దరఖాస్తుల గడువు మాత్రం అక్టోబర్ 31కి పొడిగించారు.

ఈ గొడవకంతటికీ మూలం మన పెద్దవాళ్లే. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచెత్తితే, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. వరదొస్తే నీటికి చోటు చూపించడం ఏమిటండీ? అంత జాగా! గజాల్లో వేసి చూడండి ఎంత నష్టమో.

2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే సంస్థ వచ్చాక సమీక్షకి ఇంకో దశ తోడైంది. ఇది జేసీబీ చేసే సమీక్ష. మొదట రోడ్లు చదును చేసింది జేసీబీయే, ఆఖరున గోడలు పడగొట్టేదీ జేసీబీయే కాబట్టి యంత్రాలకి ఖాళీ ఉండదు. కూల్చిన ఇంటి ముందు కూర్చున్న మనిషి దగ్గర ఒక ఫైలు ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ చేసిన రిజిస్ట్రేషన్, కరెంటు వాళ్లు బిగించిన మీటరు కాగితం, మున్సిపాలిటీకి కట్టిన ఇంటిపన్ను రసీదు, బ్యాంకు లోను పత్రం. ఇన్ని శాఖలకీ కనపడని చెరువు ఆయనొక్కడికే కనపడి ఉండాల్సింది! మరి అంత అజాగ్రత్త అయితే ఎలా? వెంచర్ వేసినాయనని అనడానికి లేదు, ఆయన పాపం అప్పటికే వేరే జిల్లాలో ఇంకో ఆర్చి కట్టిస్తుంటాడు.

కాబట్టి నా సూచనలు రెండే. ఒకటి, ముందస్తు అనుమతుల విభాగాన్ని ఎత్తేసి ఆ సిబ్బందిని గడువులు పొడిగించే పనికి బదిలీ చేయాలి, అక్కడ పని ఎక్కువ. రెండు, స్థల పరిశీలనలు ఏప్రిల్, మే నెలల్లోనే జరపాలని జీవో తేవాలి. వానాకాలంలో పరిశీలిస్తే లేనిపోని అనుమానాలు వస్తాయి.

ఆ కుర్రాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఫేజ్ టూ మొదలైందట. కొంచెం దిగువన ఉంటుంది కాబట్టి గజం కాస్త తక్కువకే ఇస్తున్నారట. బోరు వేస్తే పది అడుగుల్లో నీళ్లని గ్యారంటీ కూడా ఇచ్చాడు.

“మృగశిరలోపు వచ్చి చూసుకోండి సార్,” అన్నాడు. “తర్వాత కారు లోపలికి రాదు.”